సోదాహరణంగా వివరించండి

ప్రియమైన చిట్టికి,

ఇక్కడ కుశలం. ఫోన్ చేద్దామనుకున్నాను. నీకు సరిగా వినపడదు. వినపడినట్టు ‘ఊఁ, ఊఁ’ అంటావు. అందుకే ఉత్తరం.

బస్ స్టేషన్‌లో విచారణ కౌంటర్‌కు మనిషి కావాలని ప్రకటన వేశారు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు వస్తుంది, ఎందుకు రాలేదు, ఇవి చెప్పాలి. వయసు పట్టింపు లేదట. దరఖాస్తు చేస్తున్నాను.

ప్రెస్ మూతపడ్డాక నాకు పని లేదు. మీ అక్క పోయాక మాట కూడా లేదు. మొన్న కూరగాయల కొట్టు ఆయన “ఏం కావాలండీ” అంటే గొంతు పెగల్లేదు. ప్రూఫులు దిద్దేవాడికి గొంతుతో పెద్దగా పని ఉండదు. అయినా ఇది మరీ ఎక్కువ. ఈ ఉద్యోగం నాకు కావాలి.

దరఖాస్తులో ఎంపిక ప్రమాణాలని నాలుగు ఇచ్చారు. ఒక్కోదానికి అర పేజీలో జవాబు రాయాలి. నువ్వు నియామకాల ఆఫీసులో జీవితమంతా దరఖాస్తులు వడపోసినవాడివి. ఒకసారి చూడు.

ప్రజలతో ఓపికగా వ్యవహరించగలరా? వ్యవహరించగలను.
తగాదాలు వస్తే సర్దిచెప్పగలరా? చెప్పగలను.
ఒత్తిడిలో నిర్ణయం తీసుకోగలరా? తీసుకోగలను.
మార్పులకు అలవాటు పడగలరా? ప్రయత్నం చేస్తాను.

చివరిది కాస్త పొడుగైందేమో.

నీ బావ

~

బావకు, తల పట్టుక్కూర్చుని చిట్టి రాస్తున్నది,

నీ దరఖాస్తు అందింది. చదవడం కన్నా కవరు చింపడానికే ఎక్కువసేపు పట్టింది. మా నాన్న నిన్ను మొదటిసారి చూసొచ్చి, “కుర్రాడు బుద్ధిమంతుడే గానీ, మాటకింతని సుంకం కడుతున్నట్టు మాట్లాడతాడేంట్రా” అన్నాడు. ఆ సుంకం ఇంకా ఎత్తేయలేదన్నమాట.

ఆ కుర్చీలో కూర్చునేవాడి అవస్థ నీకు తెలియదు. ఎదురుగా దరఖాస్తుల గుట్ట. పక్కన చల్లారిపోయిన టీ. పై కాగితంలో ‘నాకు ఓపిక ఎక్కువ’ అని ఉంటుంది. దాని కింద ‘నాకు ఓపిక చాలా ఎక్కువ’. దాని కింద ‘నా ఓపిక సంగతి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు’. ఇవన్నీ చదివేసరికి వాడి ఓపిక అయిపోతుంది. అలాంటప్పుడు నీ ‘వ్యవహరించగలను’ కనపడితే ఏం చేస్తాడు? ఆ కాగితం మీద టీ గ్లాసు పెట్టుకుంటాడు.

వాడికి కావలసింది ఒక సంఘటన. ఏం జరిగింది, నీ నెత్తిన ఏం పడింది, నువ్వేం చేశావు, చివరికేమైంది. కాలేజీలో పరీక్ష పేపర్ల మీద ఉండేది కదా, సోదాహరణంగా వివరించండి అని. ఇదీ అంతే. ఉదాహరణ లేకపోతే మార్కు లేదు.

మొహమాటం వద్దు. నిన్ను నువ్వు పొగుడుకోనక్కర్లేదు, చేసింది చెప్పు చాలు. ఇంకో మాట. కన్నీళ్లు కూడా వద్దు. అక్క సంగతి అందులో రాయకు. ఇన్నేళ్లు ఆ కాగితాల మీద మార్కులు వేశాను బావా, ఏడుపుకి గడి లేదు.

పింఛను తింటూ, మీ చెల్లెలి చేత తిట్లు తింటూ,
చిట్టి

~

ప్రియమైన చిట్టికి,

సంఘటనలు రాస్తున్నాను. అన్నీ నిజం.

ఓపిక: మేడ మీద వాళ్ల పైపు పగిలి మా వంటింట్లోకి నీళ్లు కారాయి. చెబితే వాళ్లు వినలేదు. మీ అక్క పైకి వెళ్లి, గంటసేపు వాళ్ల పిల్లల చదువుల గురించి, వాళ్లత్తగారి మోకాళ్ల గురించి మాట్లాడి, చివర్లో పైపు సంగతి ఎత్తింది. మర్నాడే బాగుచేయించారు. నేను కింద బకెట్ పట్టుకున్నాను.

తగాదా: ప్రెస్ యజమానికీ కంపోజిటర్లకూ మాటలు ఆగిపోయాయి. మీ అక్క అందరినీ మా ఇంటికి టీకి పిలిచి, ముందు గదిలో కూర్చోబెట్టి, బయట గడియ వేసింది. కాసేపటికి లోపల అరుపులు, తర్వాత నవ్వులు. గడియ తీసింది నేను.

నిర్ణయం: రైల్లో పక్క సీటు ఆమెకు నొప్పులు వచ్చాయి. మీ అక్క గొలుసు లాగింది. పెట్టెలో మగవాళ్లందరినీ దిగిపొమ్మంది. నేను దిగాను. మగపిల్లాడు.

మార్పు: ప్రెస్‌కి కంప్యూటర్లు వచ్చాయి. నాకు రావు. మీ అక్క పక్కింటి అమ్మాయి దగ్గర నేర్చుకుని నాకు నేర్పింది. నేను నేర్చుకున్నాను. ఇది నా కిందికి వస్తుందనుకుంటాను.

పనికొస్తాయా?

నీ బావ

~

బావా,

అభినందనలు. ఉద్యోగం అక్కకు వచ్చింది.

నీ దరఖాస్తు చదివినవాడెవడైనా అక్కనే తీసుకుంటాడు. బకెట్ పట్టుకోవడానికి, గడియ తీయడానికి, రైలు దిగడానికి ప్రస్తుతం ఖాళీలు లేవు. వస్తే కబురు చేస్తారు.

అసలు నీ అంతట నువ్వు చేసిన పని ఒక్కటి లేదా? నీ చేత్తో, అక్క పక్కన లేకుండా? ఆలోచించు. ఉంటే అది రాయి. లేకపోతే వెళ్లి ఒకటి చేసి రా.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. మీ చెల్లెలు వంటింట్లోంచి వచ్చి, “ఎందుకండీ ఏడుస్తున్నారు” అంది.

చిట్టి

~

ప్రియమైన చిట్టికి,

చేసి రమ్మన్నావు. బయల్దేరాను.

ముందు తగాదా చూద్దామనుకున్నాను. ఊళ్లో ఎవరూ పోట్లాడుకోవడం లేదు. మామూలు రోజుల్లో వీధిలో అరుపులకు కిటికీ తెరవలేం. నాకు అవసరమయ్యేసరికి అందరూ మర్యాదస్తులైపోయారు. పోస్టాఫీసు వరసలో నిలబడ్డాను. “ముందు మీరు వెళ్లండి” అంటే “లేదు, మీరే వెళ్లండి” అన్నారు. క్షౌరశాలలో కూర్చున్నాను. ఒకాయన ఇంకొకాయన వంతులో కూర్చున్నాడు, ఆశపడ్డాను. “పర్లేదు లెండి, నాకు తొందరలేదు” అన్నాడా రెండో ఆయన. కోర్టుకు కూడా వెళ్లాను. అక్కడ గొడవలు చాలా ఉన్నాయి గానీ అన్నీ లాయర్ల చేతిలో ఉన్నాయి. బయటివాళ్లకు ఇవ్వరు.

చివరికి లాండ్రీలో దొరికింది. భార్యాభర్తలు. ఉతికి తెచ్చిన కోటు కుంచించుకుపోయింది. వేడినీళ్లలో వెయ్యమని ఎవరు చెప్పారన్నది తగాదా.

“నువ్వే కదా అన్నావు.”

“నేనన్నది దుప్పట్లు. కోటు కూడా దుప్పటిలాగే కనపడిందా నీకు?”

“నువ్వేసుకుంటే అలాగే ఉంటుంది మరి.”

నేను మధ్యకు వెళ్లి నిలబడ్డాను. సర్దిచెప్పడానికి వచ్చానన్నాను.

“మీరెవరండీ?” అన్నాడు ఆయన.

“దరఖాస్తుదారుణ్ణి” అన్నాను.

తర్వాత ఇద్దరూ నా మీద పడ్డారు. ఆయన ఒక మాట మొదలుపెడితే ఆమె పూర్తిచేసింది. మొగుడూ పెళ్లాల మధ్య దూరడానికి సిగ్గులేదా అంది ఆమె. అడుగు, గట్టిగా అడుగు అన్నాడాయన. బాగా అలిసిపోయాక ఆయన కోటు చంకలో పెట్టుకున్నాడు, ఆమె ఆయన చేతిలో సంచి అందుకుంది. మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. నా గురించే మాట్లాడుకున్నారు.

ఏం జరిగింది, నా నెత్తిన ఏం పడింది, నేనేం చేశాను, చివరికేమైంది. నాలుగూ ఉన్నాయి. దీన్ని రాయవచ్చా?

నీ బావ

~

బావా,

రాయకూడదు. ఎవరికీ చెప్పకూడదు కూడా.

గొడవ కోసం ఊరంతా తిరిగిన మనిషిని ఎవరైనా విచారణ కౌంటర్‌లో కూర్చోబెడతారా? నీ మీదే విచారణ పెడతారు. ‘చేసి రా’ అంటే అదొక మాట వరస. నీతో మాట వరసకు కూడా ఏమీ అనకూడదని అక్క ఎప్పుడో చెప్పింది. “ఒకసారి ‘నా కళ్లముందు నుంచి పో’ అన్నానురా, వెళ్లి మేడ మెట్ల మీద కూర్చున్నాడు, అన్నం చల్లారిపోయింది” అని. నేనే మర్చిపోయాను.

ఇక లాభం లేదని నేనే కూర్చుని నాలుగు జవాబులూ రాశాను. ఇందులో పెడుతున్నాను. మేడ మీద వాళ్లతో చర్చలు జరిపింది నువ్వు. గడియ వేసింది నువ్వు. రైలు ఆపింది నువ్వు. కంప్యూటర్ నేర్చుకుని ప్రెస్సంతటికీ నేర్పింది నువ్వు. అక్క చేసిందంటే నువ్వు చేసినట్టే. మొగుడూ పెళ్లాలకు వేరువేరు మార్కులుండవు.

మారుమాట్లాడకుండా పంపు. ఎర్ర సిరా ముట్టుకోకు.

చిట్టి

~

ప్రియమైన చిట్టికి,

ఎర్ర సిరా ముట్టుకున్నాను.

‘బాల్యం నుంచి ప్రజాసేవ పట్ల అచంచలమైన ఆసక్తి’లో అచంచలమైన తీసేశాను. తర్వాత బాల్యం తీసేశాను. తర్వాత ఆసక్తి. ‘అపారమైన’ అన్నది తొమ్మిది చోట్ల వాడావు, అన్నీ కొట్టేశాను. నేను చేయని పనులు తీసేశాను. చివరికి నీ నాలుగు జవాబుల్లో మిగిలింది ‘ఇట్లు’ ఒక్కటే. అది బాగానే రాశావు.

కానీ రేపు గడువు. నా దగ్గర ఉన్నవి నా నాలుగు వాక్యాలు. వాటి మీద టీ గ్లాసు పెడతారని నువ్వే అన్నావు. ఇంట్లో కూర్చుని ఈ గోడలు చూడటం ఇంక నావల్ల కాదు. నీ జవాబులు శుభ్రంగా తిరగరాసి మూడు పంపాను. తగాదాకు మాత్రం లాండ్రీ సంగతే పెట్టాను. ఒక్కటైనా నాది ఉండాలి.

సంతకం దగ్గర చెయ్యి ఆగింది. చేశాను.

నీ బావ

~

బావా, బావా,

నిన్ను ఇంటర్వ్యూకి పిలిచారని నువ్వు పంపిన కార్డు అందింది. ‘పిలిచారు’ అన్న ఒక్క మాటకు కార్డు ఖర్చుపెట్టావు. సంతోషం.

చూశావా, నా మూడు జవాబుల మహిమ. లాండ్రీది ఎవరూ చదివి ఉండరు. మూడు బాగుంటే నాలుగోది చూడరు, నేనెన్నిసార్లు అలా చేయలేదు.

లోపలికి వెళ్లాక ఒక్క మాటలో జవాబు చెప్పకు. ఏదడిగినా ఒకటికి మూడు వాక్యాలు చెప్పు. రెండో వాక్యానికి ఏమీ తోచకపోతే మొదటిదాన్నే ఇంకోలా చెప్పు, ఉద్యోగాలన్నీ అలాగే వస్తాయి. లాండ్రీ గురించి అడిగితే దగ్గు. ఇస్త్రీ చొక్కా వేసుకో. నీ చొక్కాలన్నీ ఒకే రంగు కాబట్టి అందులో తప్పు చేయలేవు.

అక్క సంగతి ఎత్తకు. గుర్తుంది కదా.

గుండె దడతో,
చిట్టి

~

ప్రియమైన చిట్టికి,

ఇంటర్వ్యూ అయింది.

ముగ్గురున్నారు. స్టేషన్ ఇన్‌ఛార్జి, ఒక గుమస్తా, పెద్దాఫీసు నుంచి వచ్చిన ఒక లేడీ ఆఫీసరు. ఇన్‌ఛార్జి నా కాగితాలు ముందు పెట్టుకుని మొదలుపెట్టాడు.

“మేడ మీద వాళ్లని భలే ఒప్పించారండీ. ఎలా?”

మూడు వాక్యాలు తయారుగా ఉన్నాయి. నోరు తెరిచాను.

“నేను కాదండీ. మా ఆవిడ.”

“మరి ఇక్కడ మీరని రాసుందే.”

“మా బావమరిది రాశాడు.”

ఆయన కాగితం తిప్పాడు. “మరి రైలు ఆపింది?”

“ఆవిడే.”

“కంప్యూటర్ నేర్చుకుని అందరికీ నేర్పింది?”

“ఆవిడే. అందరికీ కాదు. నాకు.”

“మరి మీరేం చేశారండీ?”

“బకెట్ పట్టుకున్నాను. రైలు దిగాను. నేర్చుకున్నాను.”

గుమస్తాకు నవ్వొచ్చింది, దాన్ని దగ్గులోకి మార్చాడు. నువ్వు నన్ను దగ్గమన్నావు, ఆయన దగ్గాడు. ఆఫీసరుగారు కూడా నవ్వారు. “అయితే ఆవిడ్నే దరఖాస్తు పెట్టమనండి. కళ్లకద్దుకుని తీసుకుంటాం” అన్నారు. సరదాగానే అన్నారు.

“ఆవిడ లేదండీ” అన్నాను. నువ్వు వద్దన్నావని గుర్తుంది. వేరే జవాబు లేదు.

గుమస్తా మంచినీళ్లు నా వైపు జరిపాడు. తర్వాత ఆఫీసరుగారు, ఈసారి మెల్లగా, “ఈ ఉద్యోగమే ఎందుకనుకున్నారు?” అని అడిగారు. దీనికి నువ్వు ఏమీ రాసివ్వలేదు.

“ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగడం లేదండీ. ఇక్కడ అడుగుతారు కదా అని” అన్నాను.

ఆవిడ రాసుకున్నారో లేదో నేను చూడలేదు. లేచి వచ్చేశాను.

ఫలితం ఇవాళ తెలిసింది. ఎంపిక కాలేదు.

నీ మీద కోపం లేదు. సంతకం చేసింది నేను. మీ అక్క చేసిన పనులు నావని చెప్పుకుని ఆ కుర్చీలో కూర్చుంటే రోజూ ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. కుర్చీ కూడా లేదు.

నీ బావ

~

బావకు,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని.

అక్క ఉంటే నా చెవి మెలిపెట్టేది. చూసి చూసి, వినపడే చెవినే పట్టుకునేది. “నా పని నా మొగుడి పేరు మీద రాస్తావా? రాస్తే రాశావు, ఆయన చేత అబద్ధం ఆడించగలననుకున్నావా?” అనేది. అబద్ధం ఆడాలంటే కనీసం రెండు వాక్యాలు కావాలి. నీ దగ్గర అంత సరుకు ఎప్పుడూ లేదు.

ఇలా ఎంతమంది నిజంగా బకెట్ పట్టుకున్నవాళ్లను పక్కన పెట్టేశానో ఆ ఆఫీసులో. ఇప్పుడు ఆలోచించి ప్రయోజనం లేదు.

ఒక్క పని చెయ్యి. ఎంపిక కానివాళ్లకు తమ మార్కులు అడిగే హక్కుంటుంది. ఎవరూ అడగరు, సిగ్గు. నువ్వు వెళ్లి అడుగు. ఎక్కడ పోయాయో తెలిస్తే ఇంకో ఉద్యోగానికి పనికొస్తుంది. ఈసారి నేను కలం ముట్టుకోను. మీ చెల్లెలు దాచేసింది, ఇది పెన్సిల్‌తో రాస్తున్నాను.

ఆ చివరి ప్రశ్నకు నువ్వు చెప్పిన జవాబు మీ చెల్లెలికి చదివి వినిపించాను. లేచి వెళ్లి పొయ్యి మీద ఏదో కలిపొచ్చింది. పొయ్యి వెలిగించి లేదు.

చిట్టి

~

ప్రియమైన చిట్టికి,

ఈ ఉత్తరం ముక్కలు ముక్కలుగా రాస్తున్నాను. ఎందుకో చెబుతాను.

నువ్వన్నట్టు వెళ్లి మార్కులు అడిగాను. ఇన్‌ఛార్జి కాగితం తీసి చూపించాడు. నీ మూడు జవాబులకు ముందు మంచి మార్కులు వేశారు. ఇంటర్వ్యూ అయ్యాక మూడింటికీ సున్నా చుట్టారు. “రాసినాయనెవరో గానీ చెయ్యి తిరిగినాయనండీ. ఆయనకేమైనా ఉద్యోగం కావాలా?” అన్నాడు. నీకు సరిగా వినపడదని చెప్పాను. అయితే విచారణకు పనికిరాడన్నాడు.

లాండ్రీ జవాబుకు పూర్తి మార్కులు. నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది కూడా దాన్ని చూసేనట. “ఇలాంటిది కల్పించి రాయడం ఎవరివల్లా కాదండీ. ఇక్కడ రోజూ జరిగేది ఇదే. బస్సు రాకపోతే ముందు వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారు. తర్వాత అందరూ కలిసి కౌంటర్లో ఉన్నవాణ్ణి తిడతారు. తిట్టి ప్రశాంతంగా కూర్చుంటారు. ఆ తిట్లు తినే మనిషే మాకు కావాల్సింది” అన్నాడు. అయినా మూడు సున్నాలతో తీసుకోలేమన్నాడు. న్యాయమే అన్నాను. ఇంటర్వ్యూకి వచ్చింది ఇద్దరమే కాబట్టి నా పేరు మాత్రం జాబితాలో రెండోది.

మొదట తీసుకున్నతను చేరిన వారానికే మానేశాడు. కారణం రాసిచ్చాడట, అందరూ వచ్చి ప్రశ్నలు అడుగుతున్నారని.

నేను సోమవారం చేరాను.

ఒక్క నిమిషం.

వచ్చాను. ఒకామె. బస్సు ఎప్పుడొస్తుందంది. వస్తుందన్నాను. ఎప్పుడంది. ఆలస్యమన్నాను. “మీ నోట్లోంచి మాట లాగడానికి కూడా టికెట్ తీసుకోవాలాండీ?” అంది. వెనక వరసలో వాళ్లు నవ్వారు. దాంతో వంతెన మరమ్మతు, దారి మళ్లింపు, తర్వాతి బస్సు, కూర్చోడానికి నీడ ఉన్న చోటు, అన్నీ చెప్పాను. నా జీవితంలో అంత ప్రసంగం చేయలేదు. “ఇదేదో ముందే చెప్పొచ్చుగా” అని వెళ్లింది. వెళ్లి నీడలో కూర్చుంది.

మళ్లీ వస్తాను.

ఇద్దరు, ఒకే సీటు గురించి. తిట్టారు. నన్ను. ఇప్పుడు పక్కపక్కన కూర్చుని ఒకే పేపరు చెరో కాగితం చదువుతున్నారు.

మొదటి రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి, తలుపు తీసి, జరిగింది చెప్పబోయి ఆగాను. చెప్పాల్సింది చాలా ఉంది. అలా ఎప్పుడూ లేదు. ఎప్పుడూ మీ అక్క చెప్పేది, నేను వినేవాణ్ణి. కాసేపు చెప్పులు విప్పకుండా నిలబడ్డాను. అందుకే నీకు ఇంత రాస్తున్నాను. చదవలేకపోతే ఎర్ర సిరాతో కొట్టెయ్యి.

ఇక్కడ ప్లాట్‌ఫారాలు ఊడ్చే ఆవిడ ఉంది. నాతో ఇంతవరకూ మాట్లాడలేదు. ఇప్పుడే చీపురు గోడకు ఆనించి, కౌంటర్ అద్దం మీద తట్టి, “పొద్దుట్నుంచీ చూస్తున్నాను, భోంచేశారా అసలు మీరు?” అంటోంది. ఇది బస్సుల సంగతి కాదు. నాకిచ్చిన పట్టికల్లో దీనికి జవాబు లేదు. కానీ చెప్పేదాకా కదిలేలా లేదు.

ఒక్క మాటతో తేలిపోయే ప్రశ్నే. ఎందుకో వివరంగా చెప్పాలనిపిస్తోంది. ఉంటాను.

నీ బావ